ప్రళయపు వాయిదాలు

2025 సెప్టెంబరు 23, 24 తేదీలలో క్రీస్తు విశ్వాసులు మేఘమండలమునకు ఎత్తబడుదురని దక్షిణాఫ్రికా బోధకుడొకడు ప్రకటించెను. చేతిఫోనుల మూలమున ఆ మాట సముద్రములు దాటి లోకమంతట వ్యాపించెను. దానిని నమ్మి కొలువులు విడిచినవారును, వాహనములు విక్రయించినవారును కలరని పత్రికలు వ్రాసెను. 23వ తేదీ వచ్చెను, గడచెను. 24వ తేదీయు అట్లే గడచెను. గాలికొండపై మంచు ఎప్పటివలెనే విడెను. అరకు లోయలో గిరిజనులు ఎప్పటివలెనే తమ పంటలు మోసికొని వారపు సంతకు దిగిరి. ప్రళయము రాలేదు. వచ్చినది మరియొక తేదీ.

న్యాయస్థానములలో వాయిదాలమీద వాయిదాలు చూచి ఆరితేరిన మాకు సహితము ఈ వ్యాజ్యము వింతగానే యున్నది. వాది రాడు, ప్రతివాది రాడు, సాక్షి రాడు. వాయిదా మాత్రము వచ్చుచుండును. అయినను ఖర్చులు పడుచునే యుండును. ఆ ఖర్చులు ఎవరు చెల్లించుచున్నారు? నేటి మా ప్రశ్న యిదియే.

మొదటనే యొక మాట స్పష్టము చేయుదుము. క్రీస్తు మతముతో మాకు వైరము లేదు. తనకు నచ్చిన దైవమును కొలుచు స్వేచ్ఛ రాజ్యాంగము ప్రతి పౌరునకు ఇచ్చినది. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతమును గూర్చిన నిబంధన యేదియు లేదు గనుక, గిరిజనుడు ఏ గుడిలో మ్రొక్కినను, ఏ మందిరమున ప్రార్థించినను గిరిజనుడే. అతని హక్కులలో అణుమాత్రమును తరుగదు. కొండలలో బడి పెట్టినవారిని, రోగికి మందిచ్చినవారిని, సారా మాన్పించినవారిని మేము నిందింపము. మా వివాదము ఒకే యొక బోధతో. ఈ లోకము నేడో రేపో ముగియనున్నది, నీవు ఆకాశమునకు ఎత్తబడనున్నావు, కావున ఈ నేలపై ఆశ పెట్టుకొనకుమని చెప్పు బోధతో. పట్టణవాసికి ఈ బోధ కాలక్షేపము కావచ్చును. నేలతప్ప వేరు ఆస్తి లేని కొండవానికి మాత్రము అది కాలక్షేపము కాదు.

క్రీస్తు మరల వచ్చునను నమ్మకము క్రైస్తవులకు ప్రాచీనమే. కాని ఆ నమ్మకమునకు తగిలించిన కాలపట్టిక ప్రాచీనము కాదు. దానికి నిండ రెండువందల యేండ్లును లేవు. ఐర్లండు సంఘమున గురువుగా నుండి బయటికి వచ్చిన జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) అను నాతడు 1830 ప్రాంతముల నుండి దీనిని కూర్చెను. సృష్టి మొదలు లోకాంతము వరకు గల కాలమును దైవము వేర్వేరు ధర్మములు గల యుగములుగా విభజించెననియు, యూదుల కథ వేరు, క్రైస్తవ సంఘపు కథ వేరనియు, మహాశ్రమలకు ముందే సంఘము రహస్యముగా ఎత్తబడుననియు, అటుపై ఏడేండ్లు క్రీస్తు విరోధి యేలుననియు, పిమ్మట వెయ్యేండ్ల పాలన వచ్చుననియు ఈ సిద్ధాంతపు సారము.

ఇందులో మావంటి వకీళ్లకు మిక్కిలి రుచించు చమత్కారమొకటి కలదు. దానియేలు గ్రంథములోని డెబ్బది వారములను, వారమునకు ఏడేండ్ల చొప్పున వీరు లెక్కింతురు. అరువదితొమ్మిది వారములు వరుసగా క్రీస్తు కాలమునకు వచ్చి ముగిసెనట! డెబ్బదియవ వారము మాత్రము నాడు నిలిచిపోయి, రెండువేల యేండ్లుగా విచారణకు రాక యున్నదట! నిరవధికముగా వాయిదా పడిన వ్యాజ్యమన్న మాట. ఈ సిద్ధాంతమును ఇంటింటికి చేర్చిన సైరస్ స్కోఫీల్డు అమెరికాలోని కాన్సాసులో మా వృత్తియే చేసినవాడగుటచే మాకాశ్చర్యము లేదు. 1909లో ఆక్స్‌ఫర్డు ముద్రాలయమున వెలువడిన ఆతని వ్యాఖ్యాన బైబిలులో మూలమును, టిప్పణమును ఒకే పుటపై నచ్చుపడెను. చదువరి కన్ను రెంటిమధ్య తిరుగుచుండగా, ఏది ప్రవక్త మాటయో, ఏది వకీలు మాటయో విడదీయుట సామాన్యునకు కష్టమయ్యెను. చట్టమునకును చట్టముపై వ్రాసిన వ్యాఖ్యకును గల భేదము మరచినవాడు కోర్టులో నిలువలేడు. మందిరమున మాత్రము అట్టి మరపు భక్తియని పేరొందినది!

రోమను కాతోలికులు, లూథరనులు మున్నగు పూర్వసంఘములు ఈ పట్టికను అంగీకరింపలేదు. ఆ వెయ్యేండ్ల పాలనను సంఘము నడచుచున్న కాలమునకే గుర్తుగా గ్రహింపవలెనని అయిదవ శతాబ్దమున అగస్టీను పండితుడు వ్యాఖ్యానించి యుండెను. కావున ఈ పట్టికను ప్రశ్నించుట క్రీస్తును ప్రశ్నించుట కాదని మా క్రైస్తవ సోదరులు గ్రహింతురు గాక.

మన తెలుగునాటికి ఈ బోధ నిన్న మొన్న వచ్చినది కాదు. డార్బీ మెలగిన ప్లిమత్ సహోదరుల సమాజమునకు చెందిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను వారు 1836లో మన దేశమునకు వచ్చి, గోదావరి ముఖమున నరసాపురపు ప్రాంతమున మిషను స్థాపించిరి. ఆ సమాజపు సిద్ధాంతమింకను పసితనముననున్న దినములవి. నేడు రాకడ, ఎత్తబడుట, ఏడేండ్ల శ్రమలు, మృగపు ముద్ర అను మాటలు తెలుగు ప్రసంగములలో నిత్యవ్యవహారములైనవి. పల్లపునాట పుట్టిన ప్రసంగము చేతిఫోనులోనికెక్కి, ఘాటురోడ్డు కంటె ముందుగా కొండ యెక్కుచున్నది. మండల కార్యాలయపు తాఖీదు చేరని గూడెమునకు సహితము ప్రళయపు తాఖీదు చేరగలదు.

గడువుల చరిత్ర యొకసారి చూతము. అమెరికాలో విలియం మిల్లరు ననుసరించిన వేలకొలది జనులు 1844 అక్టోబరు 22న క్రీస్తు వచ్చునని కాచియుండిరి. ఆ దినము చరిత్రలో మహానిరాశ యను పేర నిలిచిపోయినది. 1914 అనిరి, ఆ యేట వచ్చినది యూరపు యుద్ధము గాని లోకాంతము గాదు. ఇస్రాయేలు రాజ్యము 1948లో ఏర్పడినది గనుక ఒక తరము, అనగా నలువదేండ్లు కలిపి 1988 అనిరి. లోకాంతమునకు 88 కారణములు చూపు పుస్తకమొకటి లక్షలకొలది ప్రతులు వ్యాపించెను. 2011 మే 21 అని హెరాల్డు క్యాంపింగు రేడియోలో చాటెను. అది తప్పగా అక్టోబరు 21 అనెను. 2012లో తన తప్పు నొప్పుకొనెను. వీరందరు ఒకే సిద్ధాంతము వారు కారు. వీరిలో డార్బీ పట్టికను పాటింపనివారును కలరు. అయినను గడువు పెట్టు వ్యాధి యందరికి నొక్కటే. ఆ రేడియో మాట నమ్మిన న్యూయార్కు విశ్రాంత ఉద్యోగి యొకడు తన జీవితకాలపు పొదుపు 1,40,000 డాలర్లు ప్రకటనలకు వెచ్చించెను. బోధకుని పశ్చాత్తాపము ఆ సొమ్మును తిరిగి తెచ్చినదా?

అయినను న్యూయార్కువానికి పింఛనుండును. కొండవానికేమున్నది? అదే 2011లో, ఆ గడువునకు ముందటి దినములలో, వియత్నాము వాయవ్యపు కొండలయందు ముయోంగ్ న్యే అను చోట వేలకొలది హ్మాంగు గిరిజనులు గుమిగూడిరి. ఆ రేడియో జోస్యము వారి భాషలోనికిని పోయియుండెను. భూమి లేమి, ప్రభుత్వపు ఒత్తిడి అను పాత బాధలకు ఈ క్రొత్త యాశ తోడయ్యెను. సైన్యము వచ్చి వారిని చెదరగొట్టెను. పలువురు చెరల పాలైరి. జోస్యము చెప్పినవాడు కాలిఫోర్నియాలో కుర్చీపై కూర్చుండియుండెను.

ఇంతకంటె దారుణమైన నిదర్శనము దక్షిణాఫ్రికాలోని ఖోసా జాతి చరిత్రలో కలదు. 1856–57లో నోంగ్‌కావుసే యను బాలిక చెప్పిన జోస్యము నమ్మి, పశువులను చంపి ధాన్యమును పారవేసినచో చనిపోయిన పెద్దలు లేచివత్తురనియు, తెల్లవారు సముద్రమున గలసిపోవుదురనియు తలచి, వారు తమ మందలను తామే సంహరించుకొనిరి. చచ్చిన పశువులు దాదాపు నాలుగు లక్షలు. ఆకలిచే మరణించిన జనులు సుమారు నలువదివేలు. పెద్దలు లేవలేదు, తెల్లవారు మునుగలేదు. మీదుమిక్కిలి, ఖాళీయైన భూములను ఆంగ్ల గవర్నరు గ్రే తెల్ల రైతులకు పంచిపెట్టెను. లోకము ముగియునని నమ్మినవాని భూమి, లోకము ముగియదని యెరిగినవాని వశమగుట యిక్కడ కన్నులకు గట్టినట్లున్నది.

మన కొండలకు ఈ యనుభవము క్రొత్త కాదు. అరకు లోయకు ఈశాన్యముగా పాచిపెంట చేరువనున్న కొండలలో 1900వ సంవత్సరమున కొర్ర మల్లయ్య యను కొండదొర దైవావేశము గలవాడని పేరొందెను. ఏజన్సీ నలుమూలలనుండి నాలుగైదువేల జనము ఆతని చుట్టు చేరెను. తాను పంచపాండవులలో నొకని యవతారమనియు, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడనియు, ఆంగ్లేయులను వెడలగొట్టి తానే యేలుదుననియు ఆతడు చెప్పెను. తన వారి చేతిలోని వెదురు కర్రలు మంత్రబలమున తుపాకులగునట. సర్కారు వారి ఆయుధములు నీరగునట. మే 1న చూడవచ్చిన పోలీసులిద్దరు జనుల చేతిలో హతులైరి. మే 7న తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు పోలీసు బలముతో శిబిరముపై బడెను. వెదురు వెదురుగానే యుండెను. తుపాకి తుపాకిగానే పేలెను. పదునొకండుగురు నేలకొరిగిరి. అరువదిమందిపై అల్లరి నేరము మోపబడెను. మల్లయ్య చెరలో మరణించెను, ఇద్దరు ఉరికంబమెక్కిరి, ఆ పసిబిడ్డయు బ్రదుకలేదు.

ఆంగ్లేయుల గ్రంథములు వారిని పిచ్చివారని వ్రాసి పుట త్రిప్పివేసెను. మేమట్లు త్రిప్పజాలము. ఉత్త పిచ్చి నాలుగైదువేల మందిని పోగుచేయగలదా? 1882 నాటి మద్రాసు అడవి చట్టము పోడు భూములకు కంచె కట్టిన కాలమది. మల్లయ్య ఉపాయము వట్టిది. కాని ఆతని గురి వట్టిది కాదు. ఆతడు కోరినది ఈ నేలనే. ఎత్తబడుట యను నేటి బోధ అదే బాధను, అదే అమాయకత్వమును ఆధారముగా గొని, గురిని మాత్రము నేల నుండి ఆకాశమునకు మరల్చుచున్నది. మల్లయ్య జనులు కొండ మాదే యనిరి. ఈ బోధ విన్నవాడు కొండ యెవరిదైన నేమి యనును. రెండింటిలో ఏది యెక్కువ నష్టమో పాఠకులే నిర్ణయింతురు గాక.

బాధను కార్యముగా మార్చుకొన్నవారును మన చరిత్రలో గలరు. ఆ 1900లోనే, జర్మను మిషను బడిలో చదివిన బిర్సా ముండా రాంచీ చెరసాలలో మరణించెను. ఆతని చుట్టును మహిమల కథ లల్లుకొనెను. కాని ఆతని జనులు భూమిమాట విడువలేదు గనుకనే 1908లో ఛోటానాగపూరు కౌలు చట్టము వచ్చి వారి భూములకు రక్షణ గల్పించెను. మన మన్యమున అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో వెదురు కర్రలను మంత్రింపలేదు. వరుసగా మూడు దినములు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలలోని నిజమైన తుపాకులను గైకొనెను. 1924లో ఆతడు వీరమరణము నొందిన దినమును మే 7వ తేదీయే. నేడు అరకు లోయ యున్న జిల్లా ఆతని పేర నున్నది.

మరి కొండవానికి నిజమైన గడువులు లేవా? కలవు. అవి ప్రకటన గ్రంథములో లేవు, చట్టగ్రంథములో నున్నవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవిభూమిని సాగుచేయు గిరిజనునకు నాలుగు హెక్టారులకు మించకుండ హక్కు దక్కును. దరఖాస్తు గ్రామసభకు పెట్టవలయును. కాగితము లేనిచో, గ్రామపు పెద్దలు చెప్పిన సాక్ష్యమును వ్రాసి యిచ్చినను చెల్లును. గ్రామసభ తీర్మానముపై అసంతృప్తి యున్నచో అరువది దినములలో ఉపవిభాగ సంఘమునకు, దాని తీర్పుపై మరల అరువది దినములలో జిల్లా సంఘమునకు విన్నవించుకొనవలయును. ఈ అరువది దినములు నిజమైన గడువు. ఆకాశపు గడువు దాటిన బోధకుడు మరియొకటి వ్రాసికొనును. కాగితపు గడువు దాటిన గిరిజనుడు నేల పోగొట్టుకొనును.

ఈ హక్కులు ఊరక ఊడిపడినవి కావు. 1917లో ఏజన్సీ భూముల బదిలీ చట్టము వచ్చెను. 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, దానిని బలపరచిన 1970 సవరణ గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు గాకుండ అడ్డుగోడ గట్టెను. ఆ గోడ సర్కారునకు సహితము వర్తించుననియు, షెడ్యూలు ప్రాంతపు భూములను గిరిజనేతర గని యజమానులకు సర్కారు కౌలుకీయరాదనియు 1997లో సుప్రీము కోర్టు సమత వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము పుట్టినది అరకు దాపుననున్న అనంతగిరి, బొర్రా కొండలలోనే. నేల నేడో రేపో పోవునదే యని నాటి గిరిజనులు కూర్చుండినచో ఆ తీర్పు పుట్టియుండెడిదా? విడిదిళ్ల కొరకు, గనుల కొరకు ఈ లోయకు చూపు సారించువాడు ప్రళయమునకు జడియుట మేమెన్నడును చూడలేదు. బినామీ పేరనైనను తన మనుమల కాలము వరకు వ్రాయించుకొన జూచువాడు వాడు.

మాపై మూడు ఆక్షేపణలు రావచ్చును. అందరు బోధకులును తేదీలు చెప్పుటలేదు, త్వరలో నని మాత్రమే చెప్పుచున్నారని యొకటి. నిజమే. కాని తేదీ చెప్పినవాడు ఆ దినమున అబద్ధీకుడగును. త్వరలో ననువాడు ఎన్నటికిని దొరకడు. తేదీ లేని దావా ఏ న్యాయస్థానమునను నిలువదు. తేదీ లేని భయము మాత్రము మనుజుని గుండెలో ఏండ్ల తరబడి నిలుచును.

బీదలకు ఈ యాశ యోదార్పు గదా యని రెండవ యాక్షేపణ. ఓదార్పును మేము కాదనము. కాని అరకు రైతు వెండిఓకు నీడన కాఫీ మొక్క నాటినచో తొలి పంటకు మూడు నాలుగేండ్లు పట్టును. ఓకు మ్రానుపై ప్రాకించిన మిరియపు తీగ కాపునకు వచ్చుటకును ఏండ్లు కావలయును. రేపటిపై నమ్మకము లేనివాడు కాఫీ నాటగలడా? 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినదన్నచో, అది వేలాది గిరిజన కుటుంబములు రేపటిపై నుంచిన నమ్మకమునకు వచ్చిన గుర్తింపు. ఆ నమ్మకమును కదలించు ఓదార్పు, ఓదార్పు కాదు.

క్రైస్తవులనే యేల యందురని మూడవది. క్రైస్తవులనే యనుట లేదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి యని, లోకము మునుగునని దేశమంతట యజ్ఞములు చేసి, నేతిని టిన్నులకొలది అగ్నిలో బోసినది మన పండితులే. వీరబ్రహ్మము గారి కాలజ్ఞానమున లేని సంగతులను ప్రతి తుపానునకు, ప్రతి తెగులునకు తగిలించి అచ్చువేయువారును మనవారే. మతమేదైనను, భయమును పెట్టుబడిగా పెట్టు వర్తకమునకు మేము విరోధులము.

క్రైస్తవ పెద్దలకు మా విన్నపము. ఆ దినమును గాని ఆ గడియను గాని ఎవరును ఎరుగరని క్రీస్తే చెప్పినట్లు మీ సువార్తలో నున్నది. ప్రభువు దినము దగ్గరపడినదని థెస్సలొనీక వారు కలవరపడగా వారిని హెచ్చరించుచు, అదే లేఖలో పని మాని తిరుగుచున్న సోమరులను మందలించి, పని చేయనివానికి కూడు తగదనినవాడు మీ పౌలే. ఈ రెండు మాటలను మీరు మీ మందిరములలో గట్టిగా చదివినచో మేమీ వ్యాసము వ్రాయ నవసరమే లేదు. లోకాంతమును ప్రకటించు బోధకుడు గూడెమునకు వచ్చినపుడు, అయ్యా, మీ పేర నున్న ఇల్లును, పొలమును ఆ తేదీకి మా గ్రామసభ పేర వ్రాసియిత్తురా యని వినయముగా నడుగుడు. జామీను లేనివాని మాటపై కోర్టు ఖైదీని విడువదు. జామీను లేనివాని మాటపై మీరు మీ నేలను విడువకుడు.

మన యువకులకును ఒక మాట. ఉపన్యాసమునకు ప్రత్యుపన్యాసము చెప్పుటకు కొండ లెక్కకుడు. హక్కుల దరఖాస్తు కాగితములు, కొలత టేపు, కలము తీసికొని యెక్కుడు. పాడేరులోను, అరకులోను ఏ దరఖాస్తు ఏ బల్లపై నిద్రించుచున్నదో విచారింపుడు. త్రోసివేసిన ప్రతి దరఖాస్తునకు కారణమును వ్రాతమూలకముగా అడుగుడు. అది చేతికందిన నాటనుండి అరువది దినములను గోడమీది క్యాలెండరున గుర్తు పెట్టి, ఆ గుర్తును గూడెములోని ప్రతివానికి చూపుడు.